ప్రశ్నలు – జవాబులు: ఈస్ట్ కణంలో మోటారు ప్రోటీన్లు

కణం లోపల సరుకులను ఒక చోటి నుంచి మరో చోటికి చేరవేసే మోటారు ప్రోటీన్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఈస్ట్ చుట్టూనే తిరిగాయి. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాం. ఒకే సందేహాన్ని ఇద్దరు ముగ్గురు అడిగిన చోట కలిపి ఒకే ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: రెండు కాళ్ల ప్రోటీన్ ఒకటి తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన సంచిని నెత్తిన పెట్టుకుని, తాడు మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచిపోయే యానిమేషన్‌ను మా అధ్యాపకురాలు తరగతిలో చూపించారు. కణంలో నిజంగా అలాగే జరుగుతుందా అండీ? ఈస్ట్‌లో కూడా ఆ ప్రోటీనే ఉంటుందా? (డిగ్రీ విద్యార్థిని)

జవాబు: సగం నిజం. అడుగులు నిజమే, సంచి నిజమే. ఆ నిబ్బరమైన నడక మాత్రం చిత్రకారుల కల్పన.

అలాంటి చిత్రాల్లో కనిపించేది సాధారణంగా కైనెసిన్ అనే ప్రోటీన్. రొనాల్డ్ వేల్, థామస్ రీస్, మైఖేల్ షీట్జ్ 1985లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీకణజాలం మీద పనిచేస్తూ దీనిని గుర్తించారు. ఇది నడిచే దారి సూక్ష్మనాళిక. ట్యూబ్యులిన్ అనే ప్రోటీన్ ఇటుకలతో కట్టిన సన్నని గొట్టం అది. ఒక్కో ఇటుక పొడవు 8 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఎనిమిది. కైనెసిన్ అడుగు కూడా సరిగ్గా 8 నానోమీటర్లేనని 1993లో కాంతి పటకారుతో, అంటే లేజరు కాంతితో అతిచిన్న పూసను పట్టి ఉంచే సాధనంతో, కొలిచి చూపించారు. ఒక్కో అడుగుకు కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువు ఒకటి ఖర్చవుతుంది. సెకనుకు సుమారు వంద అడుగులు పడతాయి.

ఇక చిత్రంలో కనబడని సంగతి ఒకటుంది. అంత చిన్న స్థాయిలో నీటి అణువులు ప్రోటీన్‌ను నలువైపుల నుంచీ ఎడతెరిపి లేకుండా కుమ్ముతూనే ఉంటాయి. ముందు కాలికి ఏటీపీ అతుక్కోగానే ఆ కాలి మెడ దగ్గరున్న చిన్న పట్టీ ముందుకు వంగి బిగుసుకుంటుంది, దాంతో వెనక కాలు ముందువైపుకు మళ్లుతుంది. కానీ అక్కడి నుంచి తరువాతి ఇటుక దొరికేదాకా ఆ కాలు ఉష్ణచలనం విసిరినట్టల్లా అటూ ఇటూ తడుముకోవలసిందే. అంటే మోటారు ఆ తాకిడిని ఎదిరించి నడవడం లేదు. తాకిడి ముందుకు తోసినప్పుడు కాలు ఆనేలా, వెనక్కి తోసినప్పుడు ఆనకుండా చూసుకుంటోంది. ఏటీపీ ఖర్చయ్యేది ఆ ఏర్పాటు కోసమే. యానిమేషన్‌లో ఈ కుమ్ములాటను చూపిస్తే చూసేవాళ్లకు నడక అర్థం కాదు కాబట్టి దానిని తీసేస్తారు; తీసేయగానే ప్రోటీన్‌కు లేని సంకల్పం ఏదో ఉన్నట్టు అనిపిస్తుంది.

లెక్కలంటే ఇష్టమున్నవారి కోసం ఒక మాట. కణంలో ఒక ఏటీపీ అణువు నుంచి దక్కే శక్తి సుమారు 80 నుంచి 100 పికోన్యూటన్-నానోమీటర్లు. కైనెసిన్ దాదాపు 6 పికోన్యూటన్ల ఎదురు బలం దాకా తట్టుకుని 8 నానోమీటర్ల అడుగు వేయగలదు. రెండింటినీ గుణిస్తే 48 వస్తుంది, అంటే పెట్టిన శక్తిలో సుమారు సగం పనిగా మారుతోంది. పెట్రోలు ఇంజన్లు ఈ విషయంలో దీనికి సాటి రావు.

మీ రెండో సందేహానికి వస్తే, ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే, మొగ్గ తొడిగి పెరిగే ఈస్ట్‌లో (శాస్త్రనామం శాకరోమైసిస్ సెరివిసియే) సంచులను, మైటోకాండ్రియాను మోసుకుపోయే పని కైనెసిన్లది కాదు. ఈ ఈస్ట్‌లో మోటారు ప్రోటీన్ల జాబితా చాలా పొట్టిది: మయోసిన్లు అయిదు, కైనెసిన్ కుటుంబానికి చెందినవి ఆరు, సూక్ష్మనాళికల మీదే నడిచే మరో రకం మోటారు డైనీన్ ఒక్కటి. మనిషిలో కైనెసిన్ జన్యువులే 45 ఉన్నాయి. ఈస్ట్‌లో బరువులు మోసే ప్రధాన కార్మికుడు మయో2 అనే మయోసిన్. అది నడిచేది సూక్ష్మనాళికల మీద కాదు, ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువులను కట్టగట్టినట్టుండే మోకుల మీద. కైనెసిన్లూ డైనీనూ ఎక్కువగా క్రోమోజోములను, కేంద్రకాన్ని సర్దే పనిలో ఉంటాయి. కాబట్టి మీరు చూసిన కథానాయకుడు ఈస్ట్ రంగస్థలం మీద ఆ వేషంలో కనిపించడు.

ప్రశ్న: ఈస్ట్ కణం వ్యాసం సుమారు 5 మైక్రోమీటర్లేనంటారు. అంత చిన్న గదిలో వస్తువులు వాటంతట అవే విసరణం వల్ల చేరవలసిన చోటికి చేరలేవా? మోటారు ఎందుకు?

జవాబు: చిన్న ప్రోటీన్ అణువు విషయంలో మీ మాట నిజం. అది విసరణం వల్లనే సెకను తిరగకుండా కణాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటగలదు. కొత్త త్వచాన్ని, కణకవచ పదార్థాన్ని చేరవేసే సుమారు 100 నానోమీటర్ల స్రావక సంచికి, కిక్కిరిసిన కణద్రవ్యంలో, అంత సులువు కాదు. కణంలో పెద్ద భాగాన్ని ఆక్రమించే రిక్తిక అనే సంచికైతే అది అసాధ్యం. అయితే అసలు కారణం వేగం కాదని నా అభిప్రాయం. విసరణానికి దిక్కు తెలియదు. మొగ్గ పెరగాలంటే కొత్త త్వచమూ కణకవచ పదార్థమూ మొగ్గ వైపే చేరాలి, తల్లికణం చుట్టూ సమంగా పరుచుకోకూడదు.

దీనికి 1991లో వెలువడిన ఒక పరిశోధన మంచి సాక్ష్యం. మయో2 జన్యువులో ఒక మార్పు ఉన్న ఈస్ట్ రకం మామూలు ఉష్ణోగ్రతలో బాగానే పెరుగుతుంది, 37 డిగ్రీల సెల్సియస్‌కు మార్చగానే దాని మోటారు పనిచేయడం మానేస్తుంది. అప్పుడు మొగ్గలు పెరగకుండా ఆగిపోయాయి, సంచులు తల్లికణంలోనే పోగుపడ్డాయి, తల్లికణం మాత్రం ఉబ్బుతూ పోయింది. సంచుల తయారీ ఆగలేదు, కణం పెరగడమూ ఆగలేదు. పోయిందల్లా దిక్కు ఒక్కటే.

ప్రశ్న: మయో2 మొగ్గ వైపే వెళ్లాలని దానికి ఎవరు చెబుతారు? చేరాక బరువు దించాలని ఎలా తెలుస్తుంది?

జవాబు: ఈ ఉత్తరాల్లో నాకు అన్నిటికంటే నచ్చిన ప్రశ్న ఇది. మోటారుకు ఏమీ తెలియదు. తెలివంతా దారిలోనూ, బరువును మోటారుకు తగిలించే కొక్కెంలోనూ ఉంది.

ముందు దారి సంగతి. ఆక్టిన్ తంతువుకు రెండు కొసలూ ఒకలాంటివి కావు. మయో2 ఎప్పుడూ ఒకే కొస వైపు నడుస్తుంది. ఆ కొసల దగ్గర కొత్త ఆక్టిన్‌ను చేర్చి మోకును అల్లే ఫార్మిన్ అనే ప్రోటీన్లు రెండు ఈస్ట్‌లో ఉన్నాయి. ఒకటి మొగ్గ చివర, రెండోది మొగ్గ మెడ దగ్గర కూర్చుంటాయి. దాంతో తల్లికణంలోకి సాగిన మోకులన్నిటికీ మయో2 వెళ్లే కొస మొగ్గ వైపే ఉంటుంది. ఎక్కడ ఎక్కినా దిగేది మొగ్గలోనే. తమాషా ఏమిటంటే ఫార్మిన్లు మొగ్గ వైపు నుంచి కొత్త ఆక్టిన్‌ను చేరుస్తూ ఉండడం వల్ల మోకు మొత్తం సెకనుకు సుమారు 0.3 మైక్రోమీటర్ల చొప్పున తల్లికణం వైపు జారిపోతూ ఉంటుంది. అంటే మయో2 వెనక్కి కదిలే దారి మీద ఎదురు నడుస్తోందన్న మాట. అయినా సంచులు సెకనుకు 3 మైక్రోమీటర్ల వేగం దాకా అందుకుంటాయి కాబట్టి రెండు సెకన్లలోపే కణాన్ని దాటేస్తాయి.

ఆ వేగం నిజంగా మయో2 కాలి నుంచే వస్తోందా అన్న అనుమానాన్ని 2002లో చక్కగా తీర్చారు. మయోసిన్ కాలు ఒక మీటలాంటిది. మీట పొడవు ఎంత ఉంటే ఒక్కో ఊపుకు సాగే దూరం అంత. మయో2 మీటలో ఆరు బిళ్లలు వరుసగా ఉంటాయి. పరిశోధకులు జన్యువును మార్చి మీటను కొంచెం కొంచెంగా పొట్టి చేస్తూ, బతికి ఉన్న కణాల్లో మెరిసే సంచులు ఎంత వేగంగా పోతున్నాయో కొలిచారు. మీట ఎంత తగ్గితే వేగమూ ఆ లెక్కన తగ్గింది. గాజుపలక మీద శుద్ధి చేసిన ప్రోటీన్‌తో కాకుండా జీవకణం లోపలే ఇంత సూటిగా యంత్రం లెక్క తేలడం అరుదు.

ఇక దించడం. రిక్తికను ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే అది మామూలు సూక్ష్మదర్శినిలో కూడా కనిపించేంత పెద్దది. ఎర్రగా మెరిసే రంగు పట్టించిన రిక్తికను సూక్ష్మదర్శినిలో చూస్తూ కూర్చుంటే, చిన్న మొగ్గ తలెత్తగానే తల్లికణంలోని రిక్తిక నుంచి ఒక నాలుక మొగ్గ వైపు సాగడం కనిపిస్తుంది. అది ఇరుకైన మెడను దాటి, ముక్కలుగా విడి, అవతల మళ్లీ గుండ్రటి సంచిగా కలుస్తుంది. ఈ పని చేసేది మయో2యే, కానీ దానికీ రిక్తికకూ మధ్య ఒక కొక్కెం కావాలి. ఆ కొక్కెం పేరు వ్యాక్17. అది ఒక చేత్తో రిక్తిక త్వచం మీదున్న వ్యాక్8 అనే ప్రోటీన్‌ను, మరో చేత్తో మయో2 తోకను పట్టుకుంటుంది. మొగ్గ పుట్టే వేళకే వ్యాక్17 తయారవుతుంది, రిక్తిక మొగ్గలోకి చేరాక కణం దానిని ముక్కలు చేసి పారేస్తుంది. కొక్కెం తెగింది కాబట్టి బరువు అక్కడే నిలిచిపోతుంది; మోటారు మాత్రం తన దారిన తాను పోతుంది.

ముక్కలు కాని వ్యాక్17ను తయారుచేసి చూస్తే ఏమైందో తెలుసుకుంటే ఈ ఏర్పాటు విలువ అర్థమవుతుంది. విభజన చివరి దశలో మయో2 మోటార్లు మొగ్గ మెడ వైపు, అంటే కొత్త గోడ కట్టవలసిన చోటికి తరలుతాయి. తెగని కొక్కెంతో ఉన్న రిక్తిక కూడా వాటి వెంటే మెడ దగ్గరకు వచ్చేసింది. మైటోకాండ్రియాకు, పెరాక్సిసోములు అనే చిన్న సంచులకు వేరే కొక్కేలున్నాయి. ఒకే మోటారు ఇన్ని సరుకులను వేరు వేరు వేళల్లో మోయగలగడానికి కారణం, ఎప్పుడు ఏ కొక్కెం ఉండాలో కణం తన విభజన చక్రాన్ని బట్టి నిర్ణయించడమే.

ప్రశ్న: మోటారు ప్రోటీన్లు ఎప్పుడూ ఒకే దిక్కుకు నడుస్తాయని పాఠ్యపుస్తకంలో చదివాను. ఈస్ట్‌లో రెండు దిక్కులా నడిచే మోటారు ఉందని ఎక్కడో విన్నాను. ఏది నిజం?

జవాబు: మీరు విన్నదే నిజం. 2011 వరకు ఆ పాఠం అలాగే ఉండేది. ఆక్టిన్ తంతువులాగే సూక్ష్మనాళికకూ రెండు కొసలు ఒకలాంటివి కావు; ఒకదానిని ధన కొస, మరోదానిని రుణ కొస అంటారు. విభజన వేళ క్రోమోజోములను పంచే సూక్ష్మనాళికల చట్రమే కండె. కండె పోగులను రెండు వైపులకు నెట్టే సిన్8 అనే కైనెసిన్ ఒంటరిగా ఉన్నప్పుడు సూక్ష్మనాళిక రుణ కొస వైపు, గుంపుగా ఎదురెదురు నాళికల మధ్య పనిచేసేటప్పుడు ధన కొస వైపు నడుస్తుందని ఆ ఏడాది తేలింది. పాఠ్యపుస్తకాన్ని తప్పుపట్టకండి, ఎక్కువ మోటార్ల విషయంలో అది రాసింది ఇప్పటికీ సరిపోతుంది.

దీనికంటే నాకు వింతగా తోచేది కిప్3. అది సూక్ష్మనాళిక ధన కొస దాకా పట్టు వదలకుండా నడిచి, అక్కడి ఇటుకలను ఊడదీస్తుంది, అంటే తాను నడిచిన దారినే తానే కూల్చుతుంది. పొడవైన నాళిక మీద దారి పొడవునా ఎక్కువ కిప్3లు ఎక్కుతాయి కాబట్టి కొస దగ్గరకు ఎక్కువ మంది చేరతారు, కూల్చివేతా వేగంగా సాగుతుంది. పొట్టి నాళిక మీద నెమ్మదిగా సాగుతుంది. వెనక నుంచి వచ్చినది కొస మీద కూర్చున్న దానిని నెట్టేస్తే, అది పోతూ పోతూ ఒకటి రెండు ఇటుకలను పట్టుకుపోతుంది. కొలబద్ద ఏదీ లేకుండానే నాళిక పొడవును కొలిచి కత్తిరించే పద్ధతి ఇది. 2006లో ప్రచురితమైన ప్రయోగాల్లో ఈ పొడవు లెక్క బయటపడింది.

ప్రశ్న: డైనీన్ లేకుండా చేసినా ఈస్ట్ చచ్చిపోదని చదివాను. అవసరం లేని మోటారును కణం ఎందుకు ఉంచుకుంది?

జవాబు: చచ్చిపోకపోవడం వేరు, అవసరం లేకపోవడం వేరు. ఈస్ట్ విభజనలో ఒక చిక్కు ఉంది. మన కణాలు ముందు క్రోమోజోములను పంచుకుని, ఆ తరువాత వాటి మధ్య గోడ ఎక్కడ రావాలో నిర్ణయించుకుంటాయి. ఈస్ట్‌లో మొగ్గ మెడ ఎక్కడో ముందే స్థిరమైపోతుంది కాబట్టి, కేంద్రకమే మెడ దగ్గరకు వెళ్లి, సగం అటూ సగం ఇటూ ఉండేలా సర్దుకోవాలి.

ఈ పనికి రెండు ఏర్పాట్లున్నాయి. మొదటిది, సూక్ష్మనాళిక కొసకు కార్9 అనే కొక్కెం తగిలించుకుని, మయో2 దానిని ఆక్టిన్ మోకు మీదుగా మొగ్గలోకి లాగడం. ఒక రకం దారి మీద నడిచే మోటారు రెండో రకం దారి కొసను పట్టుకుని లాక్కెళ్లడమన్న మాట. 2000లో ఇది తేలినప్పుడు ఈ రెండు వ్యవస్థలనూ విడివిడిగా చదువుకున్నవారు ఆశ్చర్యపోయి ఉంటారు. రెండోది డైనీన్. అది నాళిక కొసకు చేరి, అక్కడి నుంచి మొగ్గ గోడ లోపలివైపు నమ్1 అనే లంగరుకు తగులుకుంటుంది. లంగరు కదలదు కాబట్టి, డైనీన్ నడవబోతే నాళికే జారుతుంది, దాని వెంట కేంద్రకం మెడలోకి దూరుతుంది. నడిచేవాడిని కట్టేస్తే దారి కదిలింది.

డైనీన్‌ను తొలగిస్తే మొదటి ఏర్పాటు చాలావరకు ఆదుకుంటుంది. ఆదుకోనప్పుడు రెండు కేంద్రకాలూ తల్లికణంలోనే మిగిలిపోతాయి. అలాంటి వేళ కండె ఒక కొస మొగ్గలోకి చేరేదాకా విభజనను ఆపి ఉంచే ఒక తనిఖీ వ్యవస్థ కూడా ఈస్ట్‌కు ఉంది. కార్9, డైనీన్ రెండూ లేకుండా చేస్తే మాత్రం కణం బతకదు. తాళానికి తాళం, దాని మీద గొళ్లెం అన్నట్టుగా ఉన్న ఈ ఏర్పాటులో ఏ ఒక్కదానినీ అనవసరం అనలేం.

ఈస్ట్ డైనీన్ మీద శ్రద్ధకు ఇంకో కారణముంది. శుద్ధి చేసి ఒక్కో అణువును విడిగా చూసినప్పుడు, 2006లో, దాని నడక కైనెసిన్ నడకలా క్రమంగా లేదని తెలిసింది. ఎక్కువ అడుగులు 8 నానోమీటర్లే అయినా, కొన్ని పెద్దవి, కొన్ని పక్కకు, కొన్ని వెనక్కి పడతాయి. డైనీన్‌కు తోడుగా ఉండే పాక్1 అనే ఈస్ట్ ప్రోటీన్‌కు మనిషిలో సోదర ప్రోటీన్ లిస్1. ఆ జన్యువు ఒక ప్రతి దెబ్బతిన్నా శిశువు మెదడు మడతలు లేకుండా నునుపుగా ఏర్పడుతుంది, ఎందుకంటే నాడీకణాలు తమ చోటికి తరలిపోలేవు. మొగ్గ మెడలోకి కేంద్రకాన్ని లాగే యంత్రాన్ని చదివితే ఆ జబ్బు మూలం కూడా కొంత అర్థమవుతుంది.

ప్రశ్న: మా కళాశాల సూక్ష్మదర్శినిలో ఈస్ట్‌ను చూస్తే కణం లోపలి గుండ్రటి ఖాళీలో నల్లటి చుక్కలు గంతులేస్తూ కనిపించాయి. మోటారు ప్రోటీన్లు మోస్తున్నవి అవేనా?

జవాబు: కావు. మీరు చూసిన గుండ్రటి ఖాళీ రిక్తిక. అందులో ఎగిరేవి ఫాస్ఫేటు నిల్వ ఉన్న రేణువులు. నీటి అణువుల తాకిడికి అవి ఊగుతున్నాయి, ఇది బ్రౌనియన్ చలనం. మోటారు మోసే సంచులు చాలా చిన్నవి, ఏ రంగూ లేనివి. మెరిసే ప్రోటీన్‌ను తగిలిస్తే గాని అవి కనిపించవు. 1998లో యాష్1 అనే జన్యువు ఎంఆర్ఎన్ఏను, అంటే ఆ జన్యువు సందేశాన్ని మోసే అణువును, ఇలాగే మెరిపించి, మయో4 అనే మరో మయోసిన్ దానిని సెకనుకు 0.2 నుంచి 0.44 మైక్రోమీటర్ల వేగంతో మొగ్గలోకి మోసుకుపోవడం బతికి ఉన్న కణంలోనే చూశారు.

రెండు చలనాలనూ వేరుచేసి చూసే ఒక కొలత మీరు కూడా చేయవచ్చు. చుక్క మొదటి చోటి నుంచి ఎంత దూరం పోయిందో సమాన వ్యవధుల్లో గుర్తించి, ఆ దూరాల వర్గాల సగటు తీయండి. బ్రౌనియన్ చలనంలో కాలం రెట్టింపయితే ఆ సగటు రెట్టింపవుతుంది. మోటారు సూటిగా లాగితే నాలుగు రెట్లవుతుంది. రిక్తిక గోడ అడ్డుతగలక ముందటి కొద్ది క్షణాలకే ఈ లెక్క వర్తిస్తుందని మరవకండి. పరిశోధకులు ఇంకో పరీక్ష కూడా చేస్తారు: ఆక్టిన్ తంతువులను కరిగించే లాట్రన్‌క్యులిన్ అనే మందు వేస్తే మోకులు నిమిషాల్లో మాయమై సంచుల ప్రయాణం ఆగిపోతుంది. మీరు చూసిన రిక్తికలోని చుక్కలు అప్పుడూ గంతులేస్తూనే ఉంటాయి.